పిల్లల మందులు ఇంట్లో తప్పు జరగకుండా ఎలా చూసుకోవాలి

మా బాబుకి ఏడాది నిండిన కొత్తల్లో ఒక రాత్రి జ్వరం 102 దాటింది. ఎనిమిది గంటలకి నేను పారాసిటమాల్ వేసి వంటింట్లోకి వెళ్ళాను. ఎనిమిదిన్నరకి అత్తయ్య వాడి ఒళ్ళు పట్టుకుని చూసి, ఇంకా కాలిపోతోందని అదే సీసాలోంచి మళ్ళీ వేశారు. ఇద్దరం వేసిన కొలత సరైనదే. తొమ్మిదింటికి సీసాలో మందు బాగా తగ్గి కనిపిస్తే అడిగాను, అప్పుడు తెలిసింది. చేతులు వణుకుతుండగా డాక్టరుగారికి ఫోన్ చేశాను. తెల్లారేదాకా ఇంకో డోసు వేయొద్దని, రేపు పొద్దున్నే తీసుకురమ్మని చెప్పారు. అదృష్టవశాత్తూ ఏమీ కాలేదు.

డాక్టరు పిల్లాణ్ణి చూసేది ఐదు నిమిషాలు. ఆ తర్వాత ఐదు రోజులూ వైద్యం నడిపేది ఇంట్లోవాళ్ళు. అమ్మ, నాన్న, నానమ్మ, ఒక్కోసారి పక్కింటి ఆంటీ కూడా. ఎవరు ఏం వేశారో ఎక్కడా రాసి లేకపోతే, అందరూ ప్రేమగా చూసుకుంటున్నా పొరపాటు జరుగుతుంది. ఆ రాత్రి తర్వాత మా ఇంట్లో అలవాటు చేసుకున్న పద్ధతిని వరసగా రాస్తున్నాను. ఇందులో ఉన్న లెక్కలు మీ డాక్టరు రాసినదాన్ని సరిచూసుకోవడానికి మాత్రమే, సొంతంగా వైద్యం చేయడానికి కాదు.

ముందు ఒక నోట్‌బుక్ కొనండి

పిల్లలు ఇద్దరుంటే రెండు నోట్‌బుక్‌లు. ఫోన్‌లో రాసుకోవచ్చు కదా అనిపిస్తుంది కానీ, మీ ఫోన్ మీతోపాటు ఆఫీసుకి వెళ్ళిపోతుంది, అత్తయ్య దగ్గర ఉండదు. నోట్‌బుక్ మాత్రం మందుల డబ్బా పక్కనే ఉంటుంది. దానికి దారం కట్టి ఒక పెన్ను వేలాడదీయండి. పెన్ను దొరక్కపోతే ఎవరూ రాయరు.

మొదటి పేజీలో ఇవి రాయండి: బిడ్డ పుట్టిన తేదీ, ఇప్పటి బరువు, బరువు తూచిన తేదీ. ఏదైనా మందు పడక దద్దుర్లు వచ్చి ఉంటే ఆ మందు పేరు ఎర్ర ఇంకుతో. రోజూ వాడే మందులుంటే వాటి పేరు, ఎంత శక్తిది (అంటే ఎన్ని ఎంఎల్‌లో ఎన్ని ఎంజీ మందు ఉంది), ఎంత కొలత. డాక్టరుగారి నంబరు. రాత్రిపూట తెరిచి ఉండే దగ్గరి ఆసుపత్రి పేరు.

రెండో పేజీ నుంచి రోజువారీ. గీతలు గీసి పట్టికలు వేయనక్కర్లేదు, ఒక్క వరస చాలు. మా నోట్‌బుక్‌లో ఇలా ఉంటుంది: "14వ తేదీ, రాత్రి 8:10, జ్వరం 101.8, పారాసిటమాల్ 250 సిరప్ 3 ఎంఎల్, నానమ్మ వేసింది." సీసా మూత పెట్టకముందే రాయాలి. తర్వాత రాద్దామంటే మర్చిపోతాం. మా అత్తయ్యకి మొదట్లో ఇది నచ్చలేదు. తనని అనుమానిస్తున్నామనుకున్నారు. నేనూ మా ఆయనా వేసినవి కూడా తప్పకుండా రాస్తున్నామని చూశాక, ఇప్పుడు అందరికంటే ముందు ఆవిడే రాస్తారు.

డాక్టరు గదిలోంచి లేచేముందు

చీటీ చేతికివ్వగానే లేచిపోవద్దు. ఒక్కో మందు మీద వేలుపెట్టి అడగండి. ఇది దేనికి? ఎన్ని ఎంఎల్? రోజుకి ఎన్నిసార్లు, ఎన్ని రోజులు? తిన్నాకా, తినకముందా? కక్కేస్తే మళ్ళీ వేయాలా? ఏం జరిగితే మళ్ళీ రావాలి? చివరి ప్రశ్న చాలామంది అడగరు, అర్ధరాత్రి పనికొచ్చేది మాత్రం దాని జవాబే.

చీటీలో ఓడీ అంటే రోజుకి ఒకసారి, బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు. 1-0-1 అని ఉంటే పొద్దున, రాత్రి. ఎస్‌ఓఎస్ అంటే అవసరమైతేనే. ఈ ఎస్‌ఓఎస్ మందునే జ్వరం ఉన్నా లేకున్నా పూటపూటా వేసేవాళ్ళు ఎంతోమంది. రాత అర్థం కాకపోతే పెద్ద అక్షరాల్లో రాయమని అడగండి. అందులో మొహమాటం ఏమీ లేదు.

బరువు తూచకుండా పిల్లలకి మందు రాస్తుంటే, "ఒకసారి తూస్తారా అండీ" అని మీరే అనండి. పిల్లల మందుల్లో చాలావాటికి లెక్క వయసుని బట్టి కాదు, కిలోల్ని బట్టి.

మెడికల్ షాపులో సీసా తిప్పి చూడండి

పొరపాటు తేలిగ్గా జరిగిపోయే చోటు కాబట్టి దీని గురించి కొంచెం వివరంగా రాస్తున్నాను.

పారాసిటమాల్ అందరికీ తెలిసిన మందు, ప్రతి ఇంట్లో ఉంటుంది. కానీ పిల్లల కోసం అది కనీసం మూడు రకాల చిక్కదనంతో దొరుకుతుంది. డ్రాపర్‌తో వచ్చే చిన్న సీసా చుక్కల మందులో 1 ఎంఎల్‌కి 100 ఎంజీ ఉంటుంది. మామూలు సిరప్‌లో 5 ఎంఎల్‌కి 120 లేదా 125 ఎంజీ. కాస్త పెద్ద పిల్లలకిచ్చే సిరప్‌లో 5 ఎంఎల్‌కి 250 ఎంజీ. అట్టపెట్టె రంగు, బొమ్మ ఒకేలా ఉంటాయి, అంకె ఒక్కటే మారుతుంది.

ఒక డోసుకి కిలోకి 10 నుంచి 15 ఎంజీ అన్నది వైద్యులు వాడే లెక్క. 10 కిలోల బిడ్డకి ఎక్కువలో ఎక్కువ 150 ఎంజీ. అది చుక్కల మందులో అయితే ఒకటిన్నర ఎంఎల్, 120 సిరప్‌లో ఆరు ఎంఎల్ చిల్లర, 250 సిరప్‌లో 3 ఎంఎల్. ఇప్పుడు ఊహించండి. డాక్టరు 120 సిరప్ అనుకుని 5 ఎంఎల్ రాశారు. షాపులో అది లేక 250ది ఇచ్చారు. మనం చీటీ చూసి 5 ఎంఎల్లే పోశాం. బిడ్డ ఒంట్లోకి రెట్టింపు మందు వెళ్ళింది. అదే చుక్కల సీసాలోంచి 5 ఎంఎల్ పోస్తే 500 ఎంజీ, పెద్దవాళ్ళు వేసుకునే ఒక మాత్రంత. అలా పూటపూటా వెళితే లివర్ దెబ్బతింటుంది.

అందుకని కౌంటర్ దగ్గరే చీటీని, సీసాని పక్కపక్కన పెట్టి పేరు, అంకె రెండూ సరిపోల్చండి. షాపు అబ్బాయి "అదే మందమ్మా, కంపెనీ వేరు" అంటే, "శక్తి కూడా అదేనా బాబూ, చూపించు" అనండి. తేడా ఉంటే అక్కడినుంచే డాక్టరుకి ఫోన్ చేసి కొత్త కొలత రాసుకోండి. గడువు తేదీ చూడండి. బిల్లు తీసుకోండి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో విషపూరితమైన దగ్గు సిరప్ తాగి చిన్నపిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. అప్పుడు తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ కూడా బ్యాచ్ నంబరు చెప్పి ఆ సిరప్ వాడొద్దని హెచ్చరించింది. బిల్లు, అట్టపెట్టె దాచుకున్నవాళ్ళు తమ ఇంట్లో ఉన్నది అదో కాదో తేలిగ్గా చూసుకోగలరు. మందు అయిపోయేదాకా ఆ పెట్టె పారేయొద్దు.

దగ్గు, జలుబు సిరప్‌ల గురించి ఇంకో రెండు మాటలు. రెండేళ్ళలోపు పిల్లలకి ఇవి ఇవ్వకూడదని, ఐదేళ్ళలోపు మామూలుగా అవసరం లేదని కేంద్ర ఆరోగ్య శాఖ అదే ఏడాది అక్టోబరులో స్పష్టంగా చెప్పింది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన జలుబు మందు నాలుగేళ్ళలోపువాళ్ళకి వాడొద్దని సీసా మీద రాయాలన్న ఆదేశం 2023 నుంచే ఉంది. పైగా జలుబు సిరప్‌లు కొన్నిట్లో పారాసిటమాల్ కూడా కలిపి ఉంటుంది. జ్వరానికి ఒక సీసా, జలుబుకి ఒక సీసా అనుకుని రెండూ వేస్తే, ఒకే మందు రెండుసార్లు వేసినట్టు. సీసా వెనక చిన్న అక్షరాలు చదవాల్సింది అందుకే. ఇక నిమెసులైడ్ అన్న పేరు కనిపిస్తే వెనక్కిచ్చేయండి. 12 ఏళ్ళలోపు పిల్లలకి దాన్ని మన దేశంలో 2011లోనే నిషేధించారు.

అమెరికాలో ఉన్న కూతురు దగ్గరికి వెళ్ళే అమ్మమ్మలు ఇక్కడి సిరప్‌లు సూట్‌కేసులో పెట్టుకెళ్తారు. అక్కడ పారాసిటమాల్‌ని అసిటమినోఫెన్ అంటారు, పిల్లల సిరప్‌లో 5 ఎంఎల్‌కి 160 ఎంజీ ఉంటుంది. పేరు వేరు కాబట్టి వేరే మందు అనుకుని రెండూ వేసే ప్రమాదం ఉంది. బయల్దేరేముందే వాళ్ళకి ఈ సంగతి చెప్పండి.

కొలిచేది చెంచాతో కాదు

వంటింటి చెంచాలు అన్నీ ఒక కొలత కావు. మీ ఇంట్లో నాలుగు చెంచాలు తీసి, సిరంజితో నీళ్ళు పోసి చూడండి, మూడు ఎంఎల్‌కే నిండేది ఒకటి, ఏడు పట్టేది ఇంకొకటి దొరుకుతాయి. సూది లేని 5 ఎంఎల్ సిరంజి ఏ మెడికల్ షాపులోనైనా కొద్ది రూపాయలకే దొరుకుతుంది. డాక్టరు చెప్పిన గీత దగ్గర మార్కర్‌తో ఒక గుర్తు పెట్టండి. అంకెలు సరిగా కనపడని పెద్దవాళ్ళకి ఆ గుర్తు చాలు. ఒక మందుతో వచ్చిన డ్రాపర్‌ని ఇంకో మందుకి వాడకండి.

నీళ్ళు కలిపే యాంటీబయాటిక్ సీసాల్లో పొడి ఉంటుంది. ముందు సీసాని తట్టి పొడి వదులు చేయండి. కాచి చల్లార్చిన నీళ్ళు గీతకి సగం దాకా పోసి బాగా ఊపండి. నురగ దిగాక సరిగ్గా గీత దాకా నింపి మళ్ళీ ఊపండి. వేడి నీళ్ళు పోయకూడదు. కలిపిన తేదీ సీసా మీద రాయండి. అమాక్సిసిలిన్-క్లావులనేట్ రకమైతే ఫ్రిజ్‌లో పెట్టి ఏడు రోజుల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాలి. డీప్ ఫ్రీజర్‌లో పెట్టొద్దు. ఫ్రిజ్ లేకపోయినా, కరెంటు నిలవని ఊరైనా ఆ మాట డాక్టరుకి ముందే చెప్పండి. నీళ్ళలో కరిగే చిన్న మాత్రల రూపంలో దొరికే మందుంటే అది రాస్తారు. వేసే ప్రతిసారీ సీసా ఊపాలి. లేకపోతే మొదటి రోజుల్లో నీళ్ళు, చివరి రోజుల్లో మందు తాగించినట్టవుతుంది.

జ్వరం తగ్గింది కదా అని యాంటీబయాటిక్ మధ్యలో ఆపొద్దు. పోయిన నెల మిగిలిన సీసా ఈ నెల దగ్గుకి తీయొద్దు. జలుబుకి దానితో పనే లేదు.

తాగించే పద్ధతి

మన ఇళ్ళల్లో పసిపిల్లల్ని కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, ఉగ్గుగిన్నెతో గొంతులోకి పోసే అలవాటు ఉంది. దయచేసి అది మానండి. ఏడుస్తూ ఊపిరి పీల్చినప్పుడు మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆముదం, నూనె చుక్కలు ముక్కులో వేసినా అంతే, నిమోనియా వస్తుంది. పెద్దవాళ్ళతో గొడవ పడకుండా, "డాక్టరుగారు ఇలా చేయమన్నారు అత్తయ్యా, నేను చూపిస్తాను" అని కూర్చోబెట్టి చూపించండి.

బిడ్డని ఒళ్ళో తల ఎత్తుగా ఉండేలా కూర్చోబెట్టుకోండి. సిరంజి కొనని నాలుక మీద కాకుండా బుగ్గ లోపలి వైపు పెట్టండి. కొద్దిగా నొక్కండి, మింగాక మళ్ళీ కొద్దిగా. వెంటనే తల్లిపాలో, నీళ్ళు తాగే వయసైతే రెండు గుక్కల నీళ్ళో ఇవ్వండి. పాల సీసా నిండా కలపొద్దు, సగం తాగి వదిలేస్తే ఎంత మందు వెళ్ళిందో తెలియదు. ఏడాదిలోపు బిడ్డకి తేనెలో కలిపి ఇవ్వకూడదు. కాస్త పెద్ద పిల్లలకి "చాక్లెట్" అని చెప్పి ఇవ్వకండి, రేపు మీరు లేనప్పుడు ఆ చాక్లెట్ కోసం వాళ్ళే సీసా తెరుస్తారు. మందని చెప్పండి, చేదుగా ఉంటుందని కూడా చెప్పండి.

వేసిన పదిహేను నిమిషాల్లోపే మొత్తం కక్కేస్తే సాధారణంగా మళ్ళీ వేయమంటారు. ఆ తర్వాతైతే ఆగమంటారు. ఫిట్స్ మందు, గుండె మందు లాంటివైతే ఈ లెక్క పనికిరాదు, ముందే అడిగి నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ఒక డోసు మర్చిపోతే తర్వాతి పూట రెండూ కలిపి వేయకండి.

ఆయాసం ఉన్న పిల్లలకి

రెండేళ్ళప్పుడు మా బాబుకి పిల్లికూతలు మొదలయ్యాయి. డాక్టరుగారు ఇన్‌హేలర్ రాశారు. ఇంటికొచ్చాక అందరిదీ ఒకే మాట: "ఇంత చిన్నవాడికి పంపా? అలవాటైపోతుంది, సిరప్ అడగాల్సింది." ఈ భయం ఎన్ని ఇళ్ళల్లో ఉందో నాకు తెలుసు కాబట్టి ఒక లెక్క చెప్తాను. సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌ని ఒకసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు. అదే మందు సిరప్ 5 ఎంఎల్‌లో 2 ఎంజీ ఉంటుంది, అంటే 2000 మైక్రోగ్రాములు. ఇరవైసార్లు నొక్కినంత. సిరప్ ఒళ్ళంతా తిరిగి చేతులు వణికించి, గుండె దడ పెంచుతుంది. ఇన్‌హేలర్ మందు నేరుగా ఊపిరితిత్తులకే వెళుతుంది. ఈ అంకెలు చెప్పాక మా మామగారే స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) పట్టుకుని కూర్చోవడం నేర్చుకున్నారు.

చిన్నపిల్లలకి స్పేసర్, మాస్క్ తప్పనిసరి. ఇన్‌హేలర్ ఊపి స్పేసర్‌కి తగిలించండి. మాస్క్ ముక్కు, నోరు మొత్తం కప్పేలా, పక్కనుంచి గాలి పోకుండా ఆనించండి. ఒక్కసారే నొక్కండి. బిడ్డ ఐదారుసార్లు ఊపిరి తీసుకునేదాకా కదపొద్దు. మేమైతే ఒకటి నుంచి పది దాకా పాటలా లెక్కపెడతాం. రెండోసారి నొక్కాలంటే మళ్ళీ ఊపి, మళ్ళీ మొదటినుంచి. రెండూ ఒకేసారి నొక్కితే మందు స్పేసర్ గోడలకే అంటుకుంటుంది. రోజూ వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ అయితే తర్వాత నోరు పుక్కిలించాలి, మొహం తుడవాలి. స్పేసర్‌ని సబ్బునీళ్ళలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా ఆరబెట్టాలి.

ఆయాసం తగ్గించే పంపు వేరు, రాకుండా రోజూ కొట్టే పంపు వేరు. రెండిటికీ వేర్వేరు రంగుల టేపు చుట్టి, ఏది ఎప్పుడో నోట్‌బుక్‌లో రాయండి. బాగున్నాడని రోజువారీది సొంతంగా ఆపడం వల్లే చాలామంది పిల్లలు చలికాలంలో మళ్ళీ ఆసుపత్రి మెట్లెక్కుతారు. ఫిట్స్ మందుకి ఇది ఇంకా గట్టిగా వర్తిస్తుంది, ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది. పండక్కి ఊరెళ్ళేటప్పుడు ఇలాంటి మందులు వారం ఎక్కువే పెట్టుకోండి. మీ మందు ఆ ఊళ్ళో దొరుకుతుందన్న నమ్మకం లేదు.

విరేచనాలైతే

మందుల కంటే ముందు ఓఆర్ఎస్. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళకి, చిన్నది 200 ఎంఎల్‌కి. ప్యాకెట్ మీద ఎంతని ఉంటే అంత నీళ్ళలో ఒకేసారి మొత్తం కలపాలి. కొంచెం పొడి, కొంచెం నీళ్ళు అని సొంత కొలతలు వద్దు, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. కలిపింది 24 గంటల్లో వాడేయాలి. దీంతోపాటు డాక్టరు జింక్ రాస్తారు, ఆరు నెలలు దాటిన బిడ్డకి రోజుకి 20 ఎంజీ, 14 రోజులు. విరేచనాలు మూడో రోజే ఆగినా మిగతా రోజులూ వేయాలి.

ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని అట్టడబ్బాల్లో అమ్మిన తీపి పానీయాలు చాలా ఏళ్ళు మన షాపుల్లో ఉన్నాయి. చక్కెర ఎక్కువగా ఉన్న పానీయం విరేచనాల్ని పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉన్నదే తీసుకోండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగానే ఇస్తారు.

ఇక ఆగకుండా వెళ్ళాల్సిన సందర్భాలు

ఈ పేరాని ఫొటో తీసి ఫ్రిజ్ మీద అంటించినా తప్పులేదు. మూడు నెలలలోపు బిడ్డకి జ్వరం 100.4 గానీ అంతకు మించి గానీ ఉంటే ఇంట్లో మందు వేసి చూద్దామనుకోవద్దు. ఏ వయసైనా సరే, తాగలేకపోతున్నా, తాగిందల్లా కక్కేస్తున్నా, మగతగా ఉండి లేపినా లేవకపోయినా, ఫిట్స్ వచ్చినా, ఆరేడు గంటలుగా ఒంటేలు పోయకపోయినా, డొక్కలు ఎగరేస్తున్నా, పెదవులు నీలంగా మారినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. చొక్కా ఎత్తి నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి: రెండు నెలలలోపు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్ళలోపు 40 గానీ అంతకు మించి గానీ ఉంటే అది వేగంగా ఆడుతున్నట్టే. బండి లేకపోతే 108. డెంగీ రోజుల్లో జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఐబుప్రోఫెన్, మెఫెనమిక్ యాసిడ్, ఆస్పిరిన్ ఉన్న మందులేవీ డాక్టరుని అడక్కుండా వేయొద్దు, రక్తస్రావం ఎక్కువవుతుంది.

బిడ్డ పొరపాటున మందు ఎక్కువ తాగేసినా, కర్పూరం, పెద్దవాళ్ళ బీపీ, షుగర్ మాత్రలు నోట్లో పెట్టుకున్నా, కక్కించే ప్రయత్నం చేయకుండా ఆ సీసానో ఆ షీటునో చేత్తో పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తండి. అత్తయ్య, మామయ్యల మాత్రలు దిండు కింద, టీవీ పక్కన ఉంటాయి, ముందు వాటిని బీరువా పై అరలోకి మార్చండి.

ఫైలు, టీకాలు, తర్వాతి విజిట్

డిశ్చార్జి సమ్మరీ, రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు ఒకే ఫైల్లో తేదీల వరసలో ఉంచి, అన్నిటినీ ఫోన్‌లో ఫొటో తీసి భార్యాభర్తలిద్దరూ దాచుకోండి. టీకాల కార్డు కూడా అందులోనే. జబ్బు పెద్దదై ఆపరేషన్ దాకా వెళితే తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుందేమో చేరేముందే ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే సిబ్బందిని అడగండి. స్కూల్లో మధ్యాహ్నం మందు వేయాల్సి వస్తే టీచర్‌కి నోటిమాటగా కాకుండా చీటీ రాసి, ఒక్క పూట మందే పంపండి.

తర్వాతిసారి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంట్లో వాడుతున్న సీసాలన్నీ, ఆయుర్వేదం, హోమియో, నాటుమందు ఏదున్నా సరే, ఒక సంచిలో వేసుకుని నోట్‌బుక్‌తో పాటు తీసుకెళ్ళండి. జ్వరం ఏ పూట ఎంతుందో అందులోనే ఉంటుంది, గుర్తుతెచ్చుకుని చెప్పే పనుండదు. అక్కడ బరువు తూచగానే మొదటి పేజీలో పాత అంకె కొట్టేసి కొత్తది, ఆ రోజు తేదీ రాయండి. తర్వాత సిరంజి మీది గుర్తు సరిగ్గా ఎక్కడుండాలో డాక్టరునే అడిగి, మార్కర్‌తో అక్కడే మార్చుకుని ఇంటికి రండి.